ఇంట్లో వెనక చక్రం బిగించుకోవడానికి కొన్న టార్క్ రెంచ్: ఎనిమిది నెలల వాడకం తరువాత

నట్టును కావలసినంత మేరకే బిగించడానికి వాడే ఈ పనిముట్టు కొనడానికి కారణం ఒక పంక్చరు. కొండకు వెళ్లే ముందురోజు తిరుపతిలోనే ఒక దుకాణంలో వెనక టైరుకు పంక్చరు వేయించి, చక్రం ఎలా బిగించారో చూడకుండానే బండి ఇంటికి తెచ్చుకున్నాను. మరునాడు దర్శనం చేసుకొని దిగుతుండగా, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక, వెనక బ్రేకు తొక్కినప్పుడల్లా టక్కుమని చప్పుడు రాసాగింది. బండి పక్కకు ఆపి వంగి చూస్తే, బ్రేకు ప్లేటును వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచే టై రాడ్డు నట్టు రెండు చుట్లు వదులై ఉంది, నట్టు ఊడిపోకుండా దానికి దూర్చవలసిన స్ప్లిట్ పిన్ను అసలు లేదు. ఆ రాడ్డు ఊడిపోతే, బ్రేకు తొక్కగానే ప్లేటు కూడా చక్రంతోపాటు తిరగబోయి బ్రేకు రాడ్డును మెలిపెట్టి, చక్రాన్ని కదలకుండా పట్టేయగలదు. 1944లో వేసిన, దాదాపు 19 కిలోమీటర్ల ఆ మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. అటువంటి దారిలో వెనక చక్రం పట్టేస్తే ఏమవుతుందో తలచుకుంటూ, వేళ్లతో ఆ నట్టు బిగించుకొని మొదటి గేరులో అలిపిరి చేరాను.

ఆ వారమే రేణిగుంట రోడ్డులోని ఒక పనిముట్ల దుకాణంలో 3,300 రూపాయలకు ఈ రెంచ్ కొన్నాను. సాకెట్టు తగిలించే మొన (డ్రైవు) అర అంగుళం, బిగింపును కొలిచే న్యూటన్ మీటర్లలో 28 నుంచి 210 వరకు పరిధి, 45 సెంటీమీటర్ల పొడవు. పిడి తిప్పి కావలసిన అంకె పెట్టుకొని మెల్లగా లాగితే, ఆ బిగింపు రాగానే చేతికి తెలిసేలా క్లిక్ అంటుంది. దానితోపాటు వచ్చిన 17, 19, 21 సాకెట్లు కార్ల చక్రాలకు ఉద్దేశించినవి కావడంతో నా బండి ఇరుసు నట్టుకు సరిపోయే 24 సాకెట్టును విడిగా కొనవలసి వచ్చింది. సైలెన్సరు అడ్డు రావడం వల్ల ఒక ఎక్స్‌టెన్షన్ కూడా తప్పలేదు. నిటారుగా ఉండే ఎక్స్‌టెన్షన్ వల్ల బిగింపు లెక్క మారదు కనుక అందులో ఇబ్బంది లేదు.

నా బండి మాన్యువల్ ఇరుసు నట్టుకు 60 న్యూటన్ మీటర్లు చెబుతోంది. ఈ అంకె బండిని బట్టి మారుతుంది కనుక ఎవరి మాన్యువల్ వారు చూసుకోవాలి. 60 అంటే ఈ రెంచ్ పిడి మీద దాదాపు పదమూడున్నర కిలోల బరువుతో లాగినంత. అదే 20 సెంటీమీటర్ల స్పానర్ మీద డెబ్బై కిలోల మనిషి ఎక్కి నిలబడితే బిగింపు 135 దాటిపోతుంది. మన దుకాణాల్లో ఆ దృశ్యం చూడనివారు ఉండరు. ‘‘నలభై ఏండ్లు చేతి అంచనాతోనే బిగించినా, ఎన్నడన్నా ఊడిందా?’’ అని మా నాన్న అడిగారు. ఊడలేదు నిజమే, కాని ఆయన మోపెడ్ ఇరుసు మరలు అరిగిపోయి రెండుసార్లు ఇరుసే మార్పించిన సంగతి నేను గుర్తుచేయలేదు.

అయితే ఈ రెంచ్ బిగింపును మాత్రమే కొలుస్తుంది, అమరిక తప్పితే చెప్పదు. ఒకసారి చక్రం పక్కన ఇరుసు మీద ఎడం కోసం ఉండే గొట్టం ముక్క, అంటే కుడివైపు స్పేసరు, నేల మీదే ఉండిపోగా ఇరుసు దూర్చేశాను. ఆ స్థితిలోనూ అది నిక్షేపంగా క్లిక్ అని ఉండేది, బేరింగులు మాత్రం పక్క ఒత్తిడికి నలిగిపోయేవి. అందువల్ల ఇప్పుడు విప్పిన వరుసలోనే పాత వార్తాపత్రిక మీద అన్నీ పేర్చుకుంటున్నాను. చక్రం మధ్య భాగమైన హబ్బులో కుదుపు తగ్గించే కష్ రబ్బర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో నొక్కి చూసి, ఇరుసుకు పలుచగా గ్రీజు రాసి, మరలకు మాత్రం అంటకుండా తుడుస్తాను. మరల మీద గ్రీజు ఉంటే అదే అంకె దగ్గర నట్టు అవసరానికి మించి బిగుసుకుంటుంది. చైను వేసి, రెండు వైపులా చైను బిగువు సరిచేసే అడ్జస్టర్ల గుర్తులు సమానం చేశాక, బ్రేకు పెడల్‌ను ఒకరు నొక్కి ఉంచగా ఇరుసు నట్టు బిగించాలి. అప్పుడు బ్రేకు షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. మా ఇంట్లో ఆ నొక్కే పని నాన్నదే. టై రాడ్డు నట్టు, దానికి కొత్త స్ప్లిట్ పిన్ను ఆ తరువాతే.

ఇరుసు బిగించేటప్పుడు చైను కొద్దిగా బిగుసుకుంటుందని నాకు తెలిసింది కూడా ఈ రెంచ్ వల్లనే. ముందు 30 మిల్లీమీటర్లు ఆడిన చైను, క్లిక్ వినిపించాక 22 మాత్రమే ఆడింది. మళ్లీ వదులు చేసి మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఇప్పుడు బిగించాకే కొలుస్తున్నాను.

లోపాల విషయానికి వస్తే, పిడి మీద చెక్కిన అంకెల్లోని తెల్లరంగు మూడు నెలలకే పోయింది, సాయంత్రం వరండా దీపం కింద 60కీ 70కీ తేడా తెలియడం లేదు. నలభై లోపు పెట్టినప్పుడు క్లిక్ ఎంత మెత్తగా ఉంటుందంటే, వీధిలో ఆటో వెళ్తుంటే వినిపించదు. 28కి దిగువన ఇది పనిచేయదు కాబట్టి, పదికి అటూఇటూ బిగించవలసిన హ్యాండిల్, లివరు బోల్టులకు దీన్ని నమ్ముకోకూడదు, వాటికి చిన్న రెంచ్ వేరుగా కావాలి. ఈ ధరకు నేను ఐదింట మూడున్నర ఇస్తాను. అంకెలు చదవగలిగేలా ఉంటే నాలుగు ఇచ్చేవాడిని.

పని అయ్యాక పిడిని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టకపోతే లోపలి స్ప్రింగు అలసి లెక్క తప్పుతుంది. నట్టు విప్పడానికి దీన్ని వాడరాదు. ఈ రెండో మాట మా పక్కింటి ఆయనకు రెండుసార్లు చెప్పాను. మొన్న ఆయన తన కారు చక్రం విప్పడానికి అడిగినప్పుడు మాత్రం చెప్పడం మానేసి, మామూలు పానా చేతికిచ్చాను.