పాత జీపు కొనేవారికి హెచ్చరిక: నల్లపూత గీకి చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి

పాత జీపు కొని, ఇంటి దగ్గరే తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవాలని చూస్తున్నవారు మన గోదావరి డెల్టాలో చాలామంది ఉన్నారు. వారిలో ఒక్కరైనా అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు ఇది చదివితే మేలు జరుగుతుందని, నాకు జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను. జీపు అమ్మిన బ్రోకరు పేరు గానీ, వెల్డింగు చేసిన షెడ్డు పేరు గానీ ఇక్కడ రాయలేను, ఎందుకంటే నా దగ్గర వారిచ్చిన రసీదు ఒక్కటీ లేదు. అది కూడా నేను చేసిన తప్పుల్లో ఒకటి. దాని సంగతి తరువాత చెబుతాను.

సంక్రాంతి వెళ్లిన రెండో వారంలో రావులపాలెం దగ్గర ఒక కొబ్బరితోటలో ఆ జీపును చూశాను. అది 1988 నాటి మహీంద్రా ఎంఎం 540. 1985లో మార్కెట్లోకి వచ్చిన ఈ మోడలుకు పెజో నమూనాలో చేసిన 2,112 సీసీ డీజిల్ ఇంజను ఉండేది. దీని విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి, మన మేస్త్రులకు దీని పని తెలుసు, అందుకే ఎంచుకున్నాను. జీపుకు లక్షా అరవై వేలు, బాగుచేతకు లక్షా నలభై వేలు, మొత్తం మూడు లక్షలు దాటకూడదని ఇంట్లో మాట ఇచ్చి బయలుదేరాను. బ్రోకరు చెప్పిన మొదటి మాట ఇప్పటికీ గుర్తుంది: “ఇది మెట్ట బండండి, జగ్గంపేట అవతల జీడితోటల్లో తిరిగిందండి, ఉప్పునీళ్లు ఎరగదండి.” మన వైపు మెట్ట బండి అంటే పదివేలు ఎక్కువైనా ఇస్తారు, తీరం బండి అంటే వెనకాడతారు. ఆ సంగతి తెలిసే ఆయన ఆ మాటతో మొదలుపెట్టాడు.

బండికి ముదురు ఆకుపచ్చ రంగు కొత్తగా వేసి ఉంది. వంగి చూస్తే కింద ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) అంతా నల్లని తారుపూతతో నిగనిగలాడుతోంది. “కింద కూడా పూత వేయించారంటే జాగ్రత్తగా చూసుకున్న బండే బావగారూ” అని మా బావమరిది అన్నాడు, నేనూ అలాగే అనుకున్నాను. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ముందు చక్రాల గేరు పడింది. తోటలో ఇసుక మీద రెండు చుట్లు తిరిగి, ఇరవై వేలు ఫోనులో పంపి, మిగిలిన లక్షా నలభై వేలు మూడు రోజుల తరువాత నగదుగా ఇచ్చి బండి తెచ్చుకున్నాను. అంతసేపట్లో నేను ఒక్కసారి కూడా దాని కింద పడుకుని చూడలేదు.

వానలు రాకముందే పని ముగించాలని ఏప్రిల్‌లో పెరట్లో కొబ్బరాకుల పందిరి వేసి బాడీ విప్పడం మొదలుపెట్టాం. బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల్లో ఒక్కటి కూడా మరలు తిరిగి రాలేదు. కొన్ని విరిగిపోయాయి, మిగిలినవాటిని గ్రైండరుతో కోయవలసి వచ్చింది. ఎనిమిది మంది పట్టి తొట్టిని పక్కకు దింపాక, వెనుక కమాను కట్టను ఛాసిస్‌కు కలిపే షెకిలు తగిలే చోట నల్లపూత కాస్త ఉబ్బెత్తుగా కనిపించి, మేస్త్రి గారు చిన్న సుత్తితో తట్టారు. ముందు వైపు ఖంగుమని పలికిన ఇనుము అక్కడ తడిసిన అట్టలా పలికింది, రెండో దెబ్బకు సుత్తి లోపలికి దిగిపోయింది. పూత గీకితే కింద పుట్టీ, పుట్టీ కింద అంటించిన ఫైబరు గుడ్డ, దాని కింద పొరలుగా విడిపోతున్న తుప్పు బయటపడ్డాయి. ఛాసిస్ పొడవునా ఉండే దూలం, అంటే రెయిలు, లోపలికి వేలు పెట్టి తీస్తే ఎండిపోయిన నల్లని అడుసు, దాని మీద తెల్లగా పేరుకున్న ఉప్పు, రొయ్యల మేత సంచి తాలూకు చిన్న ముక్క వచ్చాయి. అవి ఏ మెట్ట ప్రాంతంలోనూ దొరికే వస్తువులు కావు.

అప్పుడు ఆర్సీ తీసి, కొన్ననాడు చదవవలసిన చిరునామాను అప్పుడు చదివాను. అది కాట్రేనికోన మండలంలోని ఊరు. అక్కడికి వెళ్లి కనుక్కుంటే పాత యజమాని ఏమీ దాచలేదు. చెరువు గట్ల మీద మేత బస్తాలు, రొయ్యలు పట్టే రోజుల్లో ఐసు పెట్టెలు ఆరేళ్లపాటు ఆ జీపులోనే మోసేవారట. తుప్పు ముదిరిందని తాను చెప్పే అమ్మానని, బ్రోకరు డెబ్బై వేలు ఇచ్చి తీసుకెళ్లాడని అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి ఆయన ఒక్కరే.

రొయ్యల చెరువుల్లో వాడిన బండికి ఈ గతి ఎందుకు పడుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తీర మండలాల్లో అలాంటి బండ్లు చాలా ఉన్నాయి. ఐసు కరిగి కారిన నీరు, సరుకు నుంచి కారిన ఉప్పునీరు వెనుక తొట్టి అతుకుల్లోంచి నేరుగా వెనుక క్రాసు మెంబరు (రెయిళ్లను కలిపే అడ్డ దూలం) మీద, షెకిలు పట్టీల మీద పడతాయి. నీరు ఎండినా ఉప్పు పోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. డెల్టాలో ఏడాదిలో ఎక్కువ రాత్రులు అంత తేమ ఉంటుంది కాబట్టి, బండి షెడ్డులో కదలకుండా ఉన్నా లోపల తుప్పు పని చేస్తూనే ఉంటుంది. దాని మీద తారు పూస్తే తేమ బయటకు పోయే దారి కూడా మూసుకుపోతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేకుల మధ్య ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బు కనిపించిన చోట లోపల ఇనుము మిగిలి ఉండదని గ్రహించాలి. మా వెల్డరు కొలిచినప్పుడు, మంచి చోట 3 మిల్లీమీటర్లున్న ఛాసిస్ రేకు వెనుక భాగంలో ఒక మిల్లీమీటరు కూడా లేదు.

కాబట్టి బండి చూడటానికి వెళ్లేటప్పుడు పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, అయస్కాంతం, టార్చి, కింద పరుచుకోవడానికి గోనెసంచి వెంట తీసుకెళ్లండి. యజమాని అనుమతితో వెనుక షెకిలు దగ్గర, క్రాసు మెంబరు మూలల్లో, బాడీ కింద రబ్బరు ముక్కలు కూర్చునే చోట్ల నల్లపూతను రూపాయి బిళ్లంత మేర గీకండి. గీకనివ్వనంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పలుచని రంగు మీద అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్న చోట జారిపోతుంది. రెయిలుకు ఉన్న రంధ్రాల్లో వేలు పెట్టి చూడండి: పొలుసులు రాలితే తుప్పు, నల్ల అడుసు వస్తే చెరువు, మెత్తని లేత గోధుమరంగు ఒండ్రు వస్తే వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఆ నీటిలో మునిగిన బండ్లకు హెడ్‌లైటు గిన్నెల వెనుక, డ్యాషుబోర్డు కింద వైర్ల సందుల్లో ఒండ్రు మిగిలి ఉంటుంది. గేరు బాక్సు, ఇరుసుల హౌసింగుల ఆయిలు కొద్దిగా దింపి చూస్తే, లోపల నీరు చేరినప్పుడు అది పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. డ్రైవరు సీటు కింద డీజిల్ ట్యాంకు ఉండే పాత జీపుల్లో, ఆ ట్యాంకు కూర్చునే గుంత అన్నిటికంటే ముందు కుళ్లుతుంది. సీటు ఎత్తించి తప్పకుండా చూడండి. పై రంగు చూసి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి, రంగు వేయించడం అన్నిటికంటే తేలికైన పని.

నాకు రెండో దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. ఛాసిస్ మీద కొట్టిన నంబరును ఆర్సీతో పోల్చుకుని, అది సరిపోయేసరికి తృప్తిపడి, ఇంజను నంబరు చూడలేదు. విప్పాక మేస్త్రి గారు ఇంజను చూడగానే “దీనికి హీటరు ప్లగ్గులు లేవండి, ఇది పాత ఇంజను కాదు” అన్నారు. చల్లగా ఉన్న ఇంజను అందుకునేందుకు వేడిచేసే ప్లగ్గులు పాత ఇంజనుకు ఉండేవి. ఆర్సీలో 2,112 సీసీ అని ఉంటే, బండిలో ఉన్నది అదే కంపెనీ తరువాత తెచ్చిన 2,523 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజను. అది మంచి ఇంజనే, పనితీరులో ఏ లోపమూ లేదు. కానీ ఇంజను మార్చినప్పుడు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి. ఆర్సీలోని వివరాలు తయారుచేసిన కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిలో మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే తీర్పు ఇచ్చింది. ఈ ఇంజను ఏ బండిలోంచి వచ్చిందో చెప్పే బిల్లు నా దగ్గర లేదు, ఆ బిల్లు లేకుండా మార్పు నమోదు కావడం లేదు.

దానికి తోడు ఆర్సీ గడువు 2018లోనే ముగిసింది. సొంత వాహనానికి మొదట 15 ఏళ్లు, ఆ తరువాత అయిదేళ్లకొకసారి పునరుద్ధరణ ఉంటుంది. “రెన్యువల్ ఎంతసేపండి, అయిదారు వందల పని” అని బ్రోకరు తేలిగ్గా చెప్పాడు. ఆ అయిదారు వందలు పాత మాట. 15 ఏళ్లు దాటిన కార్లు, జీపుల పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్సు వేరు. ఆ ఖర్చుకంటే పెద్ద చిక్కు తనిఖీ: ఛాసిస్ కుళ్లి, ఇంజను నంబరు కలవని బండిని తనిఖీకి తీసుకెళ్లి ప్రయోజనం లేదు. అందుచేత ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, సీసీ, ఇంధనం, గడువు తేదీ, ఫైనాన్సు బాకీ, ఈ ఆరూ ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులోని వివరాలతోనూ, బండి ముందు కూర్చుని ఇనుము మీద ఉన్న అంకెలతోనూ పోల్చుకోండి. బండి పేరు మార్పిడికి వాడే 29, 30 నంబరు ఫారాలు ముందే సంతకాలు చేసి చేతికిస్తే, ఆ సంతకం చేసిన మనిషితో ఒకసారి ఫోనులోనైనా మాట్లాడండి. నేను ఆ ఒక్క ఫోను చేసి ఉంటే మెట్ట బండి కథ అక్కడే ముగిసేది.

మూడో నష్టం వెల్డింగు షెడ్డులో జరిగింది. ఛాసిస్‌ను ట్రాలీ మీద తీసుకెళ్లి, ముప్పై అయిదు వేలకు మాట్లాడుకుని, సగం ముందే ఇచ్చాను. వారు కుళ్లిన భాగం కోసి తీయకుండా, దాని మీదే పలుచని రేకు కప్పి, అంచుల వెంట ఆర్కు వెల్డింగు చేసి, మళ్లీ నల్లరంగు పూసి ఇచ్చారు. లోపలి తుప్పు అలాగే ఉంది, పైగా వెల్డింగు వేడికి పక్కనున్న రేకు కూడా బలహీనపడింది. ఛాసిస్‌కు అతుకు వేయించేవారు మంచి ఇనుము కనిపించేదాకా కోసి తీయాలని, అదే మందం రేకు వాడాలని, రంగు వేయకముందే అతుకు చూపించాలని కాగితం మీద రాయించుకోండి. కోతకు ముందు కమాను కన్నుల మధ్య దూరాలను, ఎదురు మూలల మధ్య దూరాలను టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. అవి తేడా వస్తే బండి ఎప్పటికీ పక్కకు లాగుతుంది. షెడ్డుకు ఇచ్చే ప్రతి భాగానికీ ఫోటో తీసి, కనపడని చోట పంచితో గుర్తు కొట్టండి. నా ముందు హౌసింగు హబ్బులు వెళ్లినవి ఒకటి, వచ్చినవి మరొకటి అని నా అనుమానం, కానీ రుజువు చేసే గుర్తు నేను పెట్టుకోలేదు.

ఇంటి దగ్గర చేసే పనుల్లో ఒక్క విషయం మాత్రం చెబుతాను. గీకి తెల్లగా తేల్చిన ఇనుమును మన గాలిలో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ఆ పూట గీకినంత మేర మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ సాయంత్రమే ఎపాక్సీ ప్రైమరు వేయండి. ఉప్పు తగిలిన ఇనుమును కడగకుండా రెడాక్సైడు ప్రైమరు పూస్తే ఏడాది తిరక్కుండానే పొక్కులు లేస్తాయి.

డబ్బు సంగతికి వస్తే, ఫిర్యాదు చేద్దామని తెలిసిన వకీలు గారి దగ్గరకు వెళ్లాను. ఫోనులో పంపిన ఇరవై వేలకు తప్ప మిగిలిన లక్షా నలభై వేలకు ఆధారం ఏమిటని ఆయన అడిగారు. మెట్ట బండి అని చెప్పిన మాటకు సాక్ష్యం మా బావమరిది ఒక్కడే. మీరు కొనేటప్పుడు మొత్తం సొమ్ము బ్యాంకు ద్వారానే చెల్లించండి. బండి ఎక్కడ తిరిగింది, ఇంజను అసలుదేనా, ఛాసిస్‌కు అతుకులున్నాయా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. వ్యాపారంగా అమ్మే బ్రోకరు మీద వినియోగదారుల ఫిర్యాదు పెట్టాలంటే 1915 నంబరుకు ఫోను చేసి మొదలుపెట్టవచ్చు, కానీ అక్కడ అడిగేది కూడా ఆధారమే.

ఇప్పటికి బాగుచేతకే రెండు లక్షల అయిదు వేలు అయింది. కుళ్లిన వెనుక భాగాన్ని వేరే వెల్డరు పూర్తిగా కోసి, 3 మిల్లీమీటర్ల కొత్త రేకుతో మళ్లీ కట్టారు, ఈసారి రంగుకు ముందు ప్రతి అతుకూ నేను దగ్గరుండి చూశాను. ఇంజను బిల్లు కోసం ఇంకా తిరుగుతున్నాను. అదే తోటలో పోయిన ఆదివారం తెల్లరంగు మారుతీ జిప్సీ జీపు ఒకటి అమ్మకానికి పెట్టారని, దాని కింద కూడా కొత్తగా నల్లపూత వేసి ఉందని మా ఊరి కుర్రాడు చూసి వచ్చి చెప్పాడు. రావులపాలెం వైపు ఆ బండి చూడటానికి వెళ్లేవారు ఎవరైనా ఉంటే ముందు నాకు చెప్పండి. స్క్రూడ్రైవరు తీసుకుని నేనే వెంట వస్తాను.