నెల రోజులు, ఏడు నవలలు: ఏ రకం మేలు?

పోయిన నెలంతా ఒక పిచ్చి షరతు పెట్టుకుని చదివాను. ఒక తరహా నవల ఒకటి అయిపోతే మళ్లీ ఆ తరహా ముట్టుకోకూడదు. డిటెక్టివ్ ఒకటి, ప్రేమకథ ఒకటి, మనసు లోపలి గొడవంతా బయటపెట్టే మనోవైజ్ఞానిక నవల ఒకటి, చారిత్రకం ఒకటి, సైన్స్ ఫిక్షన్ ఒకటి, హారర్ ఒకటి, చివర్లో ఒక ఫాంటసీ. ఇదే వరసలో మొత్తం ఏడు. ఆరు పూర్తయ్యాయి, ఏడోది ఆగిపోయింది, దాని సంగతి తర్వాత. అంతకుముందు రెండు మూడేళ్లుగా నేను చదివిందల్లా డిటెక్టివ్, థ్రిల్లర్లే. ఒకసారి ఒక పుస్తకం సగం దాకా వచ్చాక గానీ ఇది ముందే చదివేశానన్న సంగతి తట్టలేదు, అదీ కథ గుర్తొచ్చి కాదు, మార్జిన్‌లో నా పెన్సిల్ గీత కనిపించి. అక్కడ మొదలైంది అనుమానం.

నెల ఆఖరి రోజున పుస్తకాలన్నీ పక్కన పెట్టేసి, ఏదీ తెరవకుండా, ఒక్కో నవల గురించి ఏం గుర్తుందో కాగితం మీద రాశాను. ఏది మేలో తేల్చడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన కొలత దొరకలేదు. చదువుతున్నంతసేపూ బాగుండటం వేరు, చదివాక మిగలడం వేరు. ఈ రెండూ కలిసి ఒక్క పుస్తకంలోనూ దొరకలేదు నాకు.

డిటెక్టివ్ నవల రెండు రాత్రుల్లో అయిపోయింది. 280 పేజీలు. రెండో రాత్రి ఇంకో అధ్యాయం, ఇంకొక్కటే అనుకుంటూ ఒంటిగంట దాటించాను, కింద పెట్టబుద్ధి కాలేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మరి కాగితం మీద? నాలుగే నాలుగు లైన్లు. హత్య ఎలా జరిగిందో గుర్తుంది, గడియారం ముళ్లు ఎందుకు వెనక్కి తిప్పారో గుర్తుంది, చంపినవాడి పేరు గుర్తులేదు, పోయినవాడి పేరైతే అసలు ఎప్పుడైనా నా బుర్రకి ఎక్కిందో లేదో కూడా చెప్పలేను. ఒక మనిషి పోయాడన్న బాధ ఆ పుస్తకంలో ఎవరికీ లేదు, ఇక నాకెందుకుంటుంది?

ఇందులో రచయిత తప్పేం లేదు, ఆ తరహా పుట్టుకే అలాంటిది. 1841లో ఎడ్గార్ అలన్ పో రాసిన కథని డిటెక్టివ్ కథలకి మొదలుగా చెప్తారు, అందులోనే లోపల గడియ వేసి ఉన్న గదిలో హత్య ఎలా జరిగిందన్న చిక్కుముడి ఉంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంకో డిటెక్టివ్ రచయిత, ఆయన క్యాథలిక్ మతగురువు కూడా, ఈ తరహాకి పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదు, పరిశోధించేవాడే హంతకుడు కాకూడదు, ముందుగా సూచన ఇవ్వకుండా కవలల్ని దించకూడదు, ఇలా ఉంటాయవి. దాగుడుమూతల్లో పిల్లలు ముందే ఒప్పందాలు చేసుకుంటారు చూడండి, గది దాటకూడదు, మంచం కింద వద్దు అని, అచ్చం అలా. రచయిత దాస్తాడు, మనం వెతుకుతాం. ఆట ఎంత బాగున్నా నెల తర్వాత ఎవరు ఎక్కడ దాక్కున్నారో ఎవరికి గుర్తుంటుంది?

దీనికి పూర్తిగా అటువైపు నిలబడేది మనోవైజ్ఞానిక నవల. నేను చదివింది 190 పేజీలే, పదకొండు రోజులు పట్టింది. కథ అంటే ఏముంది, ఒక మధ్యాహ్నం ఒక మనిషి తనకొచ్చిన ఉత్తరానికి జవాబు రాయాలా వద్దా అని తన్నుకులాడతాడు, అంతే. మధ్యలో చిన్నప్పటి సంగతులు, చచ్చిపోయిన అన్న, ఎప్పుడో ఎవరో అన్న ఒక మాట, అవన్నీ వరసా వావీ లేకుండా వచ్చి పడుతుంటాయి. దీన్నే చైతన్య స్రవంతి అంటారు. తెలుగులో ఈ పేరు చెప్పగానే అందరికీ తట్టేది 1969లో వచ్చిన అంపశయ్య, ఒక విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు మీద నడిచే నవల, అది రాసిన నవీన్‌కి ఆ పుస్తకం పేరే ఇంటిపేరైపోయింది. నేను చదివింది అది కాదు గానీ నడక అదే. రెండుసార్లు విసుగొచ్చి పక్కన పడేశాను. ఒక పేరా మూడుసార్లు చదివి కూడా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాని రోజులున్నాయి, అలాంటి రోజున పది పేజీలు ముందుకెళ్తే అదే గొప్ప.

కానీ కాగితం మీద దీని గురించి ఒకటిన్నర పేజీ రాశాను. ఆ మనిషి కలం మూత తీయడం, మళ్లీ పెట్టడం, కిటికీ దగ్గరికెళ్లి ఏమీ చూడకుండా తిరిగి రావడం, అన్నీ ఉన్నాయి. ఎవరి మెసేజ్‌కైనా జవాబివ్వకుండా రేపు రేపు అని దాటేస్తున్నప్పుడు ఆయనే గుర్తొస్తున్నాడు, కొంచెం సిగ్గేస్తోంది కూడా.

మరైతే మనోవైజ్ఞానికమే మేలా అంటే, తొందరపడి అలా అనేయలేను. రోజంతా బుర్ర వాచిపోయి ఇంటికొచ్చిన రాత్రి ఆ పుస్తకం తెరిస్తే పుస్తకానికీ అన్యాయమే, మనకీ అన్యాయమే. అలాంటప్పుడు చేతిలోకి రావాల్సింది డిటెక్టివే. నాలుగు లైన్లే మిగిలినా ఆ రెండు రాత్రులూ నా సొంత టెన్షన్లు ఒక్కటీ గుర్తు రాలేదు, అదేం చిన్న లాభం కాదు.

ఏ నవల తర్వాత ఏది చదువుతున్నామన్నదానికి ఇంత ప్రభావం ఉంటుందని నేను అనుకోలేదు. డిటెక్టివ్ ముగించిన మర్నాడే ప్రేమకథ మొదలుపెట్టానా, హీరో స్నేహితుడు హీరోయిన్‌కి గ్లాసుతో మంచినీళ్లు ఇస్తే ఇందులో ఏం కలిపాడో అనుకున్నాను. ఓ యాభై పేజీల దాకా అందరి మీదా అనుమానమే, పాపం వాళ్లేమో ఉత్త పుణ్యానికి ప్రేమించుకుంటున్నారు. అనుమానం వదిలాక ఒక సంగతి తెలిసింది. డిటెక్టివ్‌లో చివర తెలియదు కాబట్టి చదువుతాం. ప్రేమకథలో చివర పదో పేజీకే తెలుసు, వీళ్లిద్దరూ కలుస్తారని, అయినా చదువుతాం. రాసేవాళ్లకి ఏది కష్టమంటే నన్నడిగితే రెండోదే. తెలిసిన ఊరికి వెళ్తూ దారంతా కిటికీలోంచి చూసేలా చెయ్యాలి మరి.

ఈ పని ఎలా చెయ్యాలో 1813లోనే జేన్ ఆస్టిన్ చూపించింది. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో మొత్తం 61 అధ్యాయాలు, కథానాయకుడు మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది 34వ దాంట్లో, ఆ అమ్మాయి మొహం మీదే కాదంటుంది. అంటే నవల నట్టనడుమ తలుపు ధడాలున మూసేసింది. దాన్ని తెరిపించడానికి మిగతా సగం, అందులో ఇద్దరూ మారతారు. నేను చదివిన ప్రేమకథలో ఆ పస లేదు. ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థాన్ని 140 పేజీలు లాగారు, ఫోన్లు లేని కాలమా అంటే కాదు, హీరో జేబులోనే ఉంది. అయినా ఒక్క సీను బాగా మిగిలింది. రైలు ఆలస్యమై ఇద్దరూ ఒకే బెంచీ మీద గంటసేపు కూర్చుంటారు, ఒక్క మాటా ఉండదు, ఆమె సంచి తీసి మధ్యలోంచి అటుపక్కకి పెడుతుంది. ఆ సంచి కదలడం కాగితం మీదకి వచ్చింది, పేర్లు రాలేదు.

చారిత్రక నవల పెద్దది, 420 పేజీలు, వారం పట్టింది. నిజానికి అంత పట్టకూడదు, ప్రతి రెండు పేజీలకీ ఆగి ఇది నిజంగా జరిగిందా, కల్పితమా అని ఫోన్‌లో చూసుకోవడంతోనే సగం టైమ్ పోయింది. ఈ తరహాకి దారి వేసిన వాల్టర్ స్కాట్ తన మొదటి నవల వేవర్లీని 1814లో అచ్చు వేయించాడు, దానికి ఉపశీర్షిక పెడుతూ ఇది అరవై ఏళ్ల కిందటి మాట అన్నాడు, కథ 1745 నాటి స్కాట్లండ్ తిరుగుబాటుది, లెక్క 1805 నుంచి వేసుకున్నాడు. అరవై ఏళ్లు అన్న దూరం నాకు నచ్చింది. చూసినవాళ్లు ఒకరిద్దరు ఇంకా మిగిలి ఉంటారు, అయినా కథగా చెప్పుకునేంత పాతబడి ఉంటుంది. నేను చదివిన రచయిత ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లిపోయాడు, సంపాదించిన సమాచారం ఒక్క గింజ కూడా వృథా పోకూడదన్న తాపత్రయంతో ఒక యుద్ధానికి ముందు గుర్రం జీను ఎలా కుడతారో మూడు పేజీలు చెప్పాడు. విచిత్రమేంటంటే యుద్ధం మర్చిపోయాను, ఆ జీను కుట్టే మనిషి మాత్రం కాగితం మీద ఉన్నాడు. రాజులు ఎవరూ లేరు.

డిటెక్టివ్‌తో పోలిస్తే దీనిలో వేగం లేదు, మనోవైజ్ఞానికంతో పోలిస్తే లోతు లేదు, కానీ ఆ రెండూ ఇవ్వనిది ఒకటుంది: చదివాక ఇంకేదైనా చదవాలనిపించడం. ఆ వారంలో ఆ కాలం గురించి నేను వెతికి చదివినవి నవలకంటే ఎక్కువే ఉంటాయి. కథ కోసమే పుస్తకం తెరిచేవాళ్లకి ఇది లోపంలా అనిపించొచ్చు, నాకు లాభమే.

సైన్స్ ఫిక్షన్, హారర్ రెండింటినీ విడివిడిగా చూడటం నాకు కష్టం, పుట్టింట్లో ఇవి రెండూ ఒకే గదిలో పెరిగాయి. ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం 1815లో బద్దలైంది, దాని దుమ్ముతో మరుసటి ఏడు యూరప్‌లో వేసవే రానట్టు చలి, ముసురు. ఇంట్లోంచి కదల్లేక కొందరు స్నేహితులు తలో దెయ్యం కథ రాద్దామనుకున్నారు, వాళ్లలో పద్దెనిమిదేళ్ల మేరీ షెల్లీ మొదలుపెట్టింది 1818లో ఫ్రాంకెన్‌స్టైన్‌గా వచ్చింది. హారర్ వాళ్లు మాదంటారు, సైన్స్ ఫిక్షన్ వాళ్లు మాదంటారు, ఇద్దరిదీ నిజమే. తేడా వివరణ దగ్గర వస్తుంది. హారర్‌లో వివరిస్తే భయం చస్తుంది, సైన్స్ ఫిక్షన్‌లో వివరిస్తేనే కథ బతుకుతుంది.

నేను చదివిన హారర్ సరిగ్గా అక్కడే బోల్తా పడింది. మొదటి సగం అద్భుతం, ఒక తలుపు ఉంటుంది, రోజూ రాత్రి వేసి పడుకుంటారు, పొద్దున్న వేసే ఉంటుంది, కానీ గడియ రెండో వైపు నుంచి పడి ఉంటుంది. లైటు వేసుకునే చదివాను. రెండో సగంలో ఒక ముసలాయన వచ్చి ఆ దెయ్యం జన్మ వృత్తాంతమంతా ముప్పై పేజీలు చెప్పాడు, దాంతో నాకు దాని మీద జాలి కలిగింది, నిద్రా పట్టేసింది. ఒక్క రాత్రిలో అయిపోయిన పుస్తకం, నెల చివరి రోజుకి చదివి రెండు రోజులే అయింది, అయినా మూడు లైన్లకి మించి రాయలేకపోయాను. రెండు వారాల కిందట ముగించిన మనోవైజ్ఞానికం దాన్ని చిత్తుగా ఓడించింది.

సైన్స్ ఫిక్షన్‌లో మనుషులు అట్టబొమ్మలే, ఎవరు ఏ మాట అన్నా ఒకే గొంతులో వినిపించింది. కానీ ఆలోచన గట్టిది. పుట్టగానే ఎన్నేళ్లు బతుకుతారో తెలిసిపోయే లోకం, అక్కడ అప్పిచ్చేవాడు జీతం కంటే ముందు ఆయుష్షు అడుగుతాడు. ఈ ఒక్క సంగతి చదివాక ఒక పూటంతా ఇంకేమీ చదవలేదు, దాని గురించే అటూ ఇటూ ఆలోచిస్తూ ఉండిపోయాను. ఈ తరహాలో మిగిలేది ఇదే అనుకుంటా, ఒక్కోసారి ఆలోచన కాదు కదా ఒక్క పదమే మిగిలిపోతుంది. 1920లో కారెల్ చాపెక్ రాసిన నాటకం చూసినవాళ్లు, చదివినవాళ్లు మనలో ఎంతమంది? కానీ రోబో అన్న మాట అందులోంచే వచ్చింది, చెక్ భాషలో వెట్టిచాకిరీ అనే అర్థమున్న పదం నుంచి. పేరు గల పాత్ర ఒక్కటీ గుర్తుండకపోయినా పర్లేదు అనిపించే తరహా ఏదైనా ఉంటే ఇదొక్కటే. హారర్‌తో పోటీ పెడితే నా ఓటు సందేహం లేకుండా దీనికే.

ఇక ఆగిపోయిన ఫాంటసీ. మొదట్లోనే రెండు పేజీల మ్యాపు, చివర్లో పేర్ల పట్టిక, నోరు తిరగని ఆరు రాజవంశాలు. 112వ పేజీలో ఆగాను. పుస్తకం మీద నాకేం కోపం లేదు, నెల చివరి రెండు రోజుల్లో ఊడ్చేద్దామనుకోవడం నా తప్పు. ఒక లోకం మొత్తాన్ని కట్టి చూపించేవాడికి రెండు రోజులు ఇస్తే ఏం చూపిస్తాడు.

మామూలుగా నెలకి పది పన్నెండు చదివేవాణ్ణి, ఈసారి ఆరున్నర. లెక్క తగ్గింది, కానీ కాగితం చూస్తే అంతకుముందు ఏ నెలలోనూ ఇన్ని లైన్లు రాయగలిగేవాణ్ణి కాదు. అన్నీ కలిపి చదవడమా, ఒక్కటే పట్టుకుని చదవడమా అంటే నేను ఇక రెండూ కాని పని చేద్దామనుకుంటున్నాను. మంచం పక్కన రెండు పుస్తకాలు ఉంటాయి, ఒకటి పరిగెత్తేది, ఒకటి పాకేది. ఒంట్లో ఓపికని బట్టి చెయ్యి దేని మీదకి పోతే అది. మనోవైజ్ఞానికం, చారిత్రకం పాకే వైపు, డిటెక్టివ్, హారర్ పరిగెత్తే వైపు, ప్రేమకథ ఎవరు రాశారన్నదాన్ని బట్టి. సైన్స్ ఫిక్షన్ మాత్రం తీరిక ఉన్న పొద్దుటి పూట చదవాలి, రాత్రి చదివితే ఆలోచనలతో నిద్ర పట్టదు.

డిటెక్టివ్ నవల ఒక ఫ్రెండ్ అడిగితే ఇచ్చేశాను, తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పాను. మనోవైజ్ఞానికం గురించి ఇంతసేపు వాగానుగా, అదీ అడిగాడు. మెసేజ్ వచ్చి మూడు రోజులైంది, ఇంకా జవాబివ్వలేదు.