ప్రొపేన్ సిలిండర్‌కు వేసే ఫోమ్ జాకెట్: చాలా చలికాలాలు వాడాక

ఈ జాకెట్ నాసిరకం వస్తువు కాదు. కుట్లు గట్టివి, జిప్పు ఇప్పటిదాకా మొరాయించలేదు, రెగ్యులేటర్ బిగించడానికి పైన వదిలిన ఖాళీ సరిగ్గా సరిపోయింది. నా కోపమంతా పెట్టె మీద అచ్చేసిన ఒక్క మాట మీద. ఎంత చలిలోనైనా సిలిండర్‌ను వెచ్చగా ఉంచుతుందట. చేపలు పట్టడానికి గడ్డకట్టిన సరస్సు మీద గుడారం వేసుకుని, మైనస్ 30 డిగ్రీల్లో తెల్లవార్లూ ఆ సిలిండర్ గ్యాస్‌తో మండే హీటర్‌నే నమ్ముకుని కూర్చునే మనిషికి ఈ మాట చెప్పకూడదు. జాకెట్‌కు సొంత వేడి ఏమీ లేదు. కొన్ని గంటలు గడిచాక, బయటి గాలికన్నా చల్లబడిన సిలిండర్‌ను అదే అలా చల్లగా ఉంచేస్తుంది.

మొదట్లో నాకు ఇది తెగ నచ్చింది. పొద్దున వెళ్లి చీకటి పడేలోపు తిరిగొచ్చే రోజుల్లో హీటర్ మంట తగ్గిందే లేదు. ఎవరడిగినా కొనమనే చెప్పేవాణ్ని. ఇప్పుడూ కొనమంటాను గానీ, సిలిండర్ నిండుగా ఉంటేనే అంటాను. చలి మైనస్ పదో పన్నెండో దగ్గర ఆగే రోజైతేనే అని కూడా చేరుస్తాను. నిజానికి అలాంటి రోజున, నిండు సిలిండర్‌తో, జాకెట్ లేకపోయినా హీటర్ బాగానే మండుతుంది. ఆ సంగతి తెలియడానికి నాకు ఒక చెడ్డ రాత్రి పట్టింది.

ఆ రాత్రి మా బావమరిది కూడా ఉన్నాడు. 20 పౌండ్ల సిలిండర్, అంటే 9 కిలోలది, గుడారం బయట నిలబెట్టి గొట్టంతో గ్యాస్ లోపలికి తెచ్చుకున్నాం. సిలిండర్ సగం దాకా ఉంది. చలి మైనస్ 32. జాకెట్ మెడ దాకా బిగించి ఉంది. అర్ధరాత్రి దాటాక హీటర్ పలక మీద ఎర్రదనం అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. తర్వాత పైలట్ మంట, అంటే హీటర్‌లో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట, వణికింది. ఇంకాసేపటికి టక్కుమని ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే నిమిషం కూడా నిలవలేదు.

"బావా, గ్యాస్ అయిపోయినట్టుంది," అన్నాడు వాడు.

"లేదురా, సగం ఉంది. కదిపి చూడు, శబ్దం తెలుస్తుంది."

కదిపితే లోపల ద్రవం తొణుకుతోంది. గ్యాస్ ఉంది, బయటికి రావడం లేదు. అప్పుడు జిప్పు తీసి జాకెట్ విప్పాం. తెల్లటి మంచు పొరేదో ఉంటుందనుకుంటే ఇనుము పొడిగా, నల్లగా ఉంది. మందపాటి గ్లవ్ మీంచి చెయ్యి ఆనిస్తే కొరికినట్టు తగిలింది. పక్కనే ఖాళీగా పడి ఉన్న ఇంకో సిలిండర్‌ను తాకి చూస్తే దానికన్నా ఇదే చల్లగా ఉంది! జాకెట్ లేకుండా, గాలికి వదిలేసి ఇరవై నిమిషాలు ఆగితే పైలట్ మంట నిలబడింది. హీటర్‌ను సన్న మంట మీద పెట్టుకుని ఎలాగో తెల్లవారే దాకా గడిపాం. టెన్షన్ మాత్రం మామూలుగా లేదు. గుడారంలో హీటర్ ఆరిపోయి, బండి దూరంగా ఉన్నప్పుడు మైనస్ 32 అంటే ఏమిటో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఎందుకిలా జరిగిందో తర్వాత నెమ్మదిగా లెక్క వేసుకున్నాను. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కాబట్టి మైనస్ 30లో హాయిగా పనిచేయాలి కదా అని చాలామంది అంటారు. కానీ పీడనం చూడండి. 20 డిగ్రీల్లో సిలిండర్‌లో బయటి గాలి పీడనం కన్నా 7 బార్లకు పైగా (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) ఎక్కువ ఉండే పీడనం, సున్నా దగ్గర సుమారు 3.7, మైనస్ 20లో 1.4, మైనస్ 30కి వచ్చేసరికి 0.7 బార్‌కు పడిపోతుంది. మైనస్ 40లో ఇక చెప్పుకోవడానికి 0.1 మిగులుతుంది. అంటే మైనస్ 30లో మన చేతిలో ఉన్న వెసులుబాటు పన్నెండు డిగ్రీలే.

ఆ పన్నెండు డిగ్రీలను తినేసేది సిలిండరే. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, కిలోకు సుమారు 400 కిలోజౌళ్లు. గంటకు 9,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) ఇచ్చే గుడారపు హీటర్ ఆ గంటలో దాదాపు 200 గ్రాముల గ్యాస్ వాడుతుంది. అంటే గంటకు 80 కిలోజౌళ్ల వేడి ఎక్కడి నుంచో రావాలి. ముందు ఆ ద్రవం నుంచే, ఆ ఇనుము నుంచే వస్తుంది, కాబట్టి అవి చల్లబడతాయి. అవి గాలికన్నా చల్లబడ్డాక గాలి నుంచి వేడి లోపలికి రావడం మొదలవుతుంది. మైనస్ 30 గాలి అయినా సరే, మైనస్ 37లో ఉన్న సిలిండర్‌కు అది వెచ్చటి గాలే. ఫోమ్ జాకెట్ సరిగ్గా ఆ వేడికే అడ్డం నిలబడుతుంది. ఫ్లాస్క్‌లో ఐసు నీళ్లు పోస్తే అవి ఐసు నీళ్లలాగే ఉంటాయి, ఇదీ అంతే.

సిలిండర్ సగానికి తగ్గితే ఇంకో ఇబ్బంది. ద్రవం తక్కువైతే అందులో దాచుకున్న వేడి తక్కువ, ద్రవానికి తగులుతున్న ఇనుము కూడా తక్కువ. అందుకే మొదటి రోజు సాయంత్రం దాకా బాగున్న సిలిండర్ రెండో రాత్రి మొండికేస్తుంది. హీటర్‌కు నేరుగా తగిలించే ఒక పౌండు చిన్న సిలిండర్లు ఇంకా తొందరగా చేతులెత్తేసేది కూడా ఇందుకే. ఇక గ్యాస్‌లో బ్యూటేన్ కలిసి ఉంటే చెప్పేదే లేదు, అది సున్నాకు అర డిగ్రీ కిందే మరగడం మానేసి అడుగున ఉండిపోతుంది.

ఇప్పుడు ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం. ఆ తర్వాతి సారి నేనొక పెద్ద ప్లాస్టిక్ టబ్ తీసుకెళ్లాను. చేపల కోసం మంచులో వేసిన రంధ్రం లోంచే నీళ్లు తోడి టబ్‌లో జానెడు లోతు పోసి, సిలిండర్‌ను అందులో నిలబెట్టాను. అంత చలిలో నీళ్లలో పెట్టడమేమిటని బావమరిది వింతగా చూశాడు. కానీ మంచు పలక కిందున్న నీళ్లు ఎంత లేదన్నా సున్నా దగ్గర ఉంటాయి. గాలి మైనస్ 30. అంటే ఆ సరస్సు మొత్తం మీద ఊరికే దొరికే అత్యంత వెచ్చటి వస్తువు మన కాళ్ల కిందే ఉంది! పైగా నీరు గడ్డకడుతున్నప్పుడు కిలోకు 334 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. హీటర్‌కు గంటకు కావలసిన 80 కిలోజౌళ్లు పావు లీటరు నీరు గడ్డకడితే వచ్చేస్తాయి. టబ్‌లో ఇంకా కొంత నీరు మిగిలి ఉన్నంతసేపూ సిలిండర్ అడుగు సున్నాకు దగ్గర్లోనే ఉంటుంది.

ఆ రాత్రి హీటర్ ఎంత నిబ్బరంగా మండిందో నాకిప్పటికీ గుర్తుంది. తెల్లవారుజామున కూడా పలక అంచుల దాకా ఎర్రగానే ఉంది. అదీ సగం కన్నా తక్కువున్న సిలిండర్‌తో. అంత సంతోషం ఆ రోజు పడిన చేపలు కూడా ఇవ్వలేదు.

టబ్ నుంచి గాలిలోకి పోయే వేడి ఎక్కువ, అందుకే నీళ్లు త్వరగా గడ్డకట్టేవి. అక్కడ ఈ జాకెట్‌కు మంచి పని దొరికింది. దాన్ని విప్పి, టబ్ చుట్టూ చుట్టి, పై అంచు సిలిండర్‌కు ఆనేలా తాడుతో కట్టాను. వేడి పుట్టే చోటును, అంటే నీళ్లను, కూడా లోపల పెట్టి కప్పితే ఫోమ్ తన పని తాను బ్రహ్మాండంగా చేస్తుంది. రెండు మూడు గంటలకోసారి పైన కట్టిన పొర పగలగొట్టి, కొంచెం తీసేసి, కొత్త నీళ్లు పోస్తే చాలు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, ఇది శ్రుతి మించడానికి వీల్లేదు. రంధ్రంలోని నీళ్లు నాలుగు డిగ్రీలు దాటవు, సిలిండర్ అంతకు మించి వేడెక్కదు. హీటర్ మొండికేసినప్పుడు సిలిండర్‌కు టార్చ్ మంట చూపించేవాళ్లను, గుడారం లోపలికి తెచ్చి హీటర్ ముందు పెట్టుకునేవాళ్లను చూశాను. దయచేసి ఆ రెండూ చేయకండి. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే మంచు మీద, మన పడక ఎత్తులోనే చేరుతుంది. వాసన వస్తుందిలే అనుకుంటే, ఆ చలిలో ముక్కు సగం పనిచేయదు. సిలిండర్‌ను పడుకోబెట్టడం కూడా వద్దు, ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లోకి వస్తుంది, పీడనం మరీ పెరిగితే గ్యాస్ వదిలే రిలీఫ్ వాల్వ్ ద్రవంలో మునుగుతుంది.

టబ్‌తో ఇబ్బందులు లేకపోలేదు. ఖాళీ కావచ్చిన సిలిండర్ జానెడు నీళ్లలో తేలడానికి చూస్తుంది, ఒరిగిపోకుండా తాడుతో కట్టాల్సిందే, లేదా నీళ్లు తగ్గించాలి. వెళ్లిపోయే ముందు నీళ్లు పారబోయడం మరిచిపోతే టబ్, సిలిండర్ ఒకే ముద్దగా గడ్డకడతాయి, అప్పుడు గునపంతో పొడవకుండా అలాగే బండెక్కించడం మంచిది. అడుగు రింగు తుప్పు పడుతోంది, ఏటా ఒకసారి గీకి రంగు వేయాల్సి వస్తోంది. నీళ్లు చిలికి రెగ్యులేటర్ మీద పడితే అక్కడే గడ్డకడతాయి. రెగ్యులేటర్‌కు ఊపిరి రంధ్రం ఒకటి ఉంటుంది, అది మంచుతో మూసుకుపోతే పీడనం అదుపు తప్పుతుంది. ఆ రంధ్రం కిందికి చూసేలా బిగించి, పైన చిన్న ప్లాస్టిక్ గిన్నె బోర్లిస్తున్నాను.

హీటర్ మంట తగ్గిన ప్రతిసారీ చలినే తిట్టకండి, ఇదొకటి చూడండి. చేత్తో తిప్పి బిగించే రకం కనెక్టర్లలో, వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే లీకైందనుకుని గ్యాస్‌ను సన్నధారకు కట్టేసే ఏర్పాటు ఉంటుంది. వాల్వ్ పూర్తిగా మూసి, హీటర్ కూడా ఆపి, ఒక నిమిషం ఆగి, చాలా నెమ్మదిగా తెరిస్తే సరిపోతుంది. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అందరం వాల్వ్‌ను గబుక్కున తిప్పేస్తాం.

హీటర్ సరిగా మండనప్పుడు పుట్టే, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం గురించి కూడా ఒక మాట. ఇళ్లలో వాడే చాలా అలారాలు సున్నాకు పైన ఉంటేనే సరిగా పనిచేసేలా తయారవుతాయి. రాత్రంతా బయట బండిలో గడ్డకట్టిన అలారాన్ని తెచ్చి గుడారంలో తగిలించి నిశ్చింతగా పడుకోకూడదు. నేను దాన్ని కోటు లోపలి జేబులో తెచ్చి, గుడారం వెచ్చబడ్డాక తల ఎత్తులో తగిలిస్తాను, టెస్ట్ బటన్ నొక్కి మోత విన్నాకే పడక వేస్తాను. గుడారంలో ఆక్సిజన్ తగ్గితే మంట ఆపేసే సెన్సర్ హీటర్‌లో ఉన్నా సరే, పై కిటికీ, కింది అంచు కొంచెం తెరిచే ఉంచుతాను.

ఇక కొనాలా వద్దా అంటే, పగటిపూట వెళ్లొచ్చేవాళ్లకు ఈ జాకెట్ అవసరం పెద్దగా లేదు. రాత్రుళ్లు గడిపేవాళ్లు ముందు టబ్ కొనుక్కోండి, జాకెట్ తర్వాత, అదీ టబ్‌ను కూడా కలిపి చుట్టేంత పెద్దది దొరికితేనే. నేను ఎప్పుడూ రంధ్రం పక్కనే ఉంటాను, నీళ్లకు కొదవ లేదు, రాత్రి రెండు మూడుసార్లు లేవడం నాకు కష్టం కాదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు, నిద్రలో లేవలేనివాళ్లకు ఇది కుదరకపోవచ్చు. బ్యాటరీయో జనరేటరో మోసుకెళ్లగలిగితే సిలిండర్ల కోసమే చేసిన, థర్మోస్టాట్ ఉన్న కరెంటు దుప్పట్లు దొరుకుతాయి. వాటిలో నిజంగా వేడి పుడుతుంది కాబట్టి ఈ జాకెట్ మీద పెట్టిన ఫిర్యాదు వాటికి వర్తించదు. నా స్లెడ్జిలో అంత బరువుకు చోటు లేదు, అందుకే టబ్‌తోనే నడిపిస్తున్నాను.