థాయ్‌లాండ్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం: మూడేళ్ల తర్వాత

మాది ఖమ్మం. బీఎడ్ అయ్యాక అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీష్ చెప్పేదాన్ని. మూడేళ్లుగా థాయ్‌లాండ్‌లోని కోరాట్‌లో ప్రభుత్వ పాఠశాల పిల్లలకు చెబుతున్నాను. రావాలనుకునేవాళ్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. డిగ్రీ పట్టా, పోలీస్ క్లియరెన్స్, 120 గంటల టెఫెల్ (ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీష్ నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ కావాలి. ఇంగ్లీష్ మన మాతృభాష కాదు కాబట్టి టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష స్కోరు కూడా చూస్తారు. నన్ను 600 అడిగారు. వీసా నాన్ ఇమిగ్రెంట్ బి, అంటే ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఇచ్చేది. 'టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత చూసుకుందాం' అనే ఏజెంట్ మాట మాత్రం వినొద్దు. వర్క్ పర్మిట్ లేకుండా క్లాసుకు వెళ్తే చట్టప్రకారం తప్పు, పట్టుబడితే నష్టపోయేది మనమే.

టెఫెల్ కోర్సు ఆన్‌లైన్‌లో చేశాను. లెసన్ ప్లాన్ రాయడం బాగా వచ్చింది, అంతకుమించి పెద్దగా ఉపయోగపడలేదు. ఇక్కడి అసలు ఇబ్బంది ఉచ్చారణ. థాయ్‌లో పదం చివర ల, స పలకవు. 'బాల్' కాస్తా 'బాన్' అవుతుంది, 'బస్' 'బట్' అవుతుంది. మొదటి టర్మంతా పిల్లల చేత మళ్లీ మళ్లీ అనిపించి గొంతు పోగొట్టుకున్నాను. ఒకరోజు మా అమ్మమ్మ 'బాలు, బస్సు' అనడం గుర్తొచ్చింది. మనం పదం చివర ఉకారం చేరుస్తాం కదా, అదే చేయించాను. పిల్లలు 'బాలు' అని చక్కగా అన్నారు, ఎందుకంటే అచ్చు ముందు 'ల' వాళ్లకు ఇబ్బంది కాదు. ఆ ఉకారాన్ని రోజురోజుకూ తగ్గిస్తూ వచ్చాం. రెండు వారాలకు వెనక బెంచీ అబ్బాయి ఒకడు 'బాల్' అని స్పష్టంగా అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇంగ్లీష్‌ను మనమూ కష్టపడి నేర్చుకున్నవాళ్లమే కాబట్టి పిల్లవాడు ఎక్కడ తడబడతాడో మనకు ముందే తెలుస్తుంది. నా దృష్టిలో మన పెద్ద బలం ఇదే.

జీతం దగ్గర మాత్రం ఆ బలానికి విలువ లేదు. నాకు నెలకు 25,000 బాత్ (థాయ్ కరెన్సీ), అదే పని చేసే బ్రిటిష్ టీచరుకు 35,000. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. గది అద్దె 4,500. స్కూలు క్యాంటీన్‌లో భోజనం చవక, అందుకే నెలకు కొంత మిగులుతుంది. శాకాహారులకు బయట తిండి కష్టం, చేపల సాస్ దాదాపు అన్నిట్లో ఉంటుంది.

ఇక్కడ టీచర్‌ను 'ఖ్రు' అంటారు. మన 'గురు' శబ్దమే. జూన్‌లో జరిగే వై ఖ్రు, అంటే గురువులకు నమస్కరించే రోజున పిల్లలు మోకాళ్లపై వచ్చి పూల పళ్లెం అందిస్తారు. అందులో నూరువరహాల పూలు, వంకాయ పువ్వు, గరిక ఉంటాయి. మా పెరట్లో పీకి పారేసే గరికను అంత శ్రద్ధగా కట్టి ఇస్తుంటే మొదటి ఏడాది నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఏజెన్సీ ద్వారా వచ్చేవాళ్లు ఒప్పందంలో ఎన్ని నెలల జీతమో తప్పకుండా చూసుకోండి. నాది 10 నెలలకే రాశారు, వేసవి సెలవుల్లో చేతిలో డబ్బు లేక ఇంటి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. మే నుంచి నాలుగో ఏడాది మొదలు. ఈసారి నేరుగా స్కూలుతోనే సంతకం చేశాను, 12 నెలల జీతానికి.