విశాఖ నుంచి హైదరాబాద్‌కు రోగి తరలింపు: రోడ్డు అంబులెన్సా, ఎయిర్ అంబులెన్సా?

విశాఖపట్నంలో వెంటిలేటర్‌పై ఉన్న రోగిని హైదరాబాద్‌కు తరలించమని వైద్యులు చెప్పగానే, విమానం ఎంతసేపట్లో చేరుస్తుందని బంధువులు అడుగుతారు. గంట, గంటన్నర అన్న జవాబు నిజమే అయినా, దాన్నిబట్టి నిర్ణయానికి రాకూడదు. లెక్కలోకి తీసుకోవలసింది ఇక్కడి మంచం నుంచి అక్కడి మంచం దాకా పట్టే మొత్తం సమయం. ఎయిర్ అంబులెన్స్‌గా వాడే కింగ్ ఎయిర్ వంటి చిన్న విమానం ఆ సమయానికి ఢిల్లీలో ఉంటే, ఖాళీగా విశాఖ చేరడానికే సుమారు మూడు గంటలు కావాలి. పైలట్లు, వైద్య బృందం సిద్ధం కావడానికి, అనుమతులు రావడానికి, రెండు చివరలా రోడ్డు అంబులెన్సులోకి స్ట్రెచర్ మార్చడానికి పట్టే సమయాన్ని కలిపితే ఏడెనిమిది గంటలు కావచ్చు. రోడ్డు మార్గం సుమారు 620 కిలోమీటర్లు, అంటే పదకొండు, పన్నెండు గంటల ప్రయాణం.

మిగిలే ఆ నాలుగు గంటల కోసమే లక్షలు పోయాలా అన్న సందేహం న్యాయమైనదే గానీ, తేడా గంటలతో ఆగిపోదు. నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ కావలసిన రోగికి 12 గంటల్లో 7,200 లీటర్లు ఖర్చవుతాయి. పెద్దదైన డి టైప్ సిలిండర్‌లో ఉండేదే దాదాపు 7,000 లీటర్లు. 1,500 లీటర్ల బి టైప్ సిలిండర్ రెండున్నర గంటలకే ఖాళీ అవుతుంది. అందువల్ల రోడ్డు మీద వెళ్లేవారు బండి కదలకముందే ఎన్ని సిలిండర్లు ఉన్నాయో, దారిలో ఎక్కడ మారుస్తారో తప్పక అడగాలి.

విమానానికీ తనదైన ప్రమాదం ఉంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సాధారణంగా 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంతే ఉంటుంది కనుక, రక్తానికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది, శరీరంలో చిక్కుకున్న గాలి దాదాపు మూడోవంతు వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరినవారికి ముందుగా ఛాతీలో గొట్టం వేయకుండా విమానం ఎక్కించడం ప్రాణాంతకం. శ్వాసనాళంలోని గొట్టానికి ఉండే చిన్న గాలి బుడగ కూడా పైకి వెళ్లేకొద్దీ ఉబ్బి లోపలి పొరను నొక్కుతుంది. అందుకే మంచి బృందం ప్రయాణంలో దాని ఒత్తిడిని పదేపదే కొలుస్తుంది.

విమానం దగ్గరలో దొరికి, ఖర్చు భరించగలిగితే, ఇంత దూరానికి వెంటిలేటర్ రోగి విషయంలో నా మొగ్గు ఎయిర్ అంబులెన్స్ వైపే. ఆదిలాబాద్ నుంచి అయితే ఆ ఆలోచనే అక్కర్లేదు. జాతీయ రహదారి 44 మీద సుమారు 300 కిలోమీటర్లకు వైద్యుడు, వెంటిలేటర్ ఉన్న రోడ్డు అంబులెన్సే మేలు. రిషికేశ్ ఎయిమ్స్ 2024లో ప్రారంభించిన హెలికాప్టర్ సేవ వంటివి కొండ ప్రాంతాలకు తగినవి, అవి కూడా వాతావరణం అనుకూలిస్తేనే.

గుండెపోటు, పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో మాత్రం దూరప్రయాణమే తప్పు. పక్షవాతానికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. 108కి ఫోన్ చేసి, ఆ చికిత్స దొరికే దగ్గరి ఆసుపత్రికే చేరాలి.

నిలకడగా ఉండి, కూర్చోలేని రోగులకు మరో దారి ఉంది. కొన్ని విమానయాన సంస్థలు మామూలు విమానంలోనే కొన్ని సీట్ల స్థానంలో స్ట్రెచర్ అమర్చుతాయి. వైద్యుడి ధ్రువపత్రం ముందే పంపాలి, ఏర్పాటుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు, ఖర్చు మాత్రం ప్రత్యేక విమానం కంటే ఎంతో తక్కువ.