గ్లో ఎఫెక్ట్స్ ప్యాక్ కొనబోతున్నారా? డెమో వీడియో చూసి డబ్బు కట్టకండి

మంత్రగోళాలు, మెరుపులు, లేజర్ కిరణాలు, నిప్పురవ్వలు అన్నీ ఉన్న ఒక గ్లో ఎఫెక్ట్స్ ప్యాక్ కొన్నాను, అంటే మనం తీసిన వీడియో మీద ఎడిటింగ్‌లో వేసుకునే రెడీమేడ్ వెలుగు క్లిప్‌ల కట్ట. పేరు రాయడం లేదు, ఇదే పద్ధతిలో అమ్మేవి ఇంకా ఉన్నాయి కాబట్టి ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే లాభం లేదు. "మీ ఫుటేజ్ మీద వేస్తే చాలు, దానంతట అదే కలిసిపోతుంది" అని అమ్మకం పేజీలో రాశారు. కలవలేదు. ఆ ఫైళ్లతో కలవడం కూడా కష్టమే, ఎందుకో చెప్తాను.

ముందు డెమో సంగతి. ఒకమ్మాయి అరచేతిలో నీలం గోళం వెలుగుతుంటుంది, ఆ నీలం ఆమె గడ్డం కింద, వెనక గోడ మీద పడుతుంటుంది, చెయ్యి కదిలితే నీడ కూడా కదులుతుంది. ఎవరైనా నమ్మేస్తారు. కానీ ఆ వెలుగు ప్యాక్‌లోది కాదండీ. షూటింగ్‌లోనే చేతిలో నిజమైన ఎల్ఈడీ లైటు పెట్టి తీసి, తర్వాత దాని మీద గోళాన్ని అతికించారు, ఒక్కో ఫ్రేమ్ ఆపి చూస్తే వేళ్ల సందుల్లో ఆ లైటు అంచు కనిపిస్తుంది. అలా తీయడం తప్పు కాదు, వెలిగే వస్తువు పక్కనున్న ముఖం మీద వెలుగు పడకపోతే షాట్ అతికించినట్టే ఉంటుంది కాబట్టి అసలు తీయాల్సిన పద్ధతి అదే. ఆ మాట ఎక్కడా చెప్పకుండా, లైటు చేసిన పనిని ప్యాక్ చేసినట్టు చూపించి అమ్మారు, నా కోపం అందుకే.

ఇక ఫైళ్లు. పేజీలో "ప్రొఫెషనల్ క్వాలిటీ" అని ఉంది, డౌన్‌లోడ్ చేస్తే వచ్చినవన్నీ నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న 8 బిట్ హెచ్.264 ఎమ్‌పీ4లు, అంటే సైజు తగ్గించడానికి బాగా కుదించిన మామూలు వీడియో ఫైళ్లు. 8 బిట్ అంటే ఒక్కో రంగుకి 256 మెట్లే. గ్లో అంటేనే మధ్యలో తెల్లగా మొదలై అంచుకి వెళ్లేకొద్దీ మెల్లగా చీకట్లో కరిగిపోయే వెలుగు కదా, ఆ కరిగే చోట మెట్లు చాలక వలయాలు వలయాలుగా బ్యాండింగ్ వచ్చేసింది. దానికి తోడు కంప్రెషన్ వల్ల చీకటి భాగాల్లో చిన్న చిన్న గళ్లు.

అన్నిటికన్నా ఘోరం ఆ నలుపు. అది పూర్తి నలుపు కాదు. ఇలాంటి క్లిప్‌ని స్క్రీన్ లేదా యాడ్ అనే మోడ్‌లో వేస్తాం, అవి పై క్లిప్ వెలుగుని కింది ఫుటేజ్‌కి కలుపుతాయి; పై క్లిప్‌లో వెలుగు విలువ సున్నా, అంటే పూర్తి నలుపు, ఉన్న చోట మాత్రమే కింది ఫుటేజ్ మారకుండా ఉంటుంది. వీళ్ల నలుపు ముదురు బూడిద రంగు కావడంతో రాత్రి సీన్ మీద వేయగానే గోళం చుట్టూ పలచటి చతురస్రం తేలింది. లెవెల్స్ అనే వెలుగు-చీకటి సర్దుబాటులో నలుపుని ఇంకా కిందికి నొక్కితే చతురస్రం పోతుంది, నిజమే, కానీ దాంతోపాటు గ్లో చివరి పలచటి భాగం కూడా పోయి అంచు కత్తెరతో కోసినట్టు అవుతుంది. ఆ పలచటి భాగమే లేకపోతే ఇక గ్లో ఎందుకు?

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. గోళం మధ్యభాగం, దాని చుట్టూ ఉన్న గ్లో ఒకే లేయర్‌లో కలిపేసి ఇచ్చారు. నటుడి వేళ్లు గోళానికి అడ్డం వచ్చినప్పుడు మధ్యభాగం వేళ్ల వెనక్కి పోవాలి, గ్లో మాత్రం వేళ్ల అంచుల మీదకి కొంచెం పొంగాలి, ఎందుకంటే నిజంగా తీసినప్పుడు ఆ పొంగు వచ్చేది లెన్స్ లోపల చెదిరే వెలుగు వల్ల. రెండూ ఒకటే అయితే రోటో చేయగానే, అంటే వేళ్ల చుట్టూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ గీత గీసి గోళాన్ని వెనక్కి పంపగానే, రెండూ ఒకే గీత దగ్గర తెగిపోతాయి. విడివిడిగా ఇచ్చి ఉంటే ఎంత పని తప్పేదో!

రిఫండ్ అడిగితే డౌన్‌లోడ్ అయిపోయింది కాబట్టి కుదరదన్నారు. ఫార్మాట్ గురించి అడిగితే "మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ చూసుకోండి" అని జవాబు. 32 బిట్ ప్రాజెక్ట్‌లో, లీనియర్‌లో, అంటే వెలుగు లెక్క అతి సన్నగా, నిజమైన వెలుగు కలిసే తీరులో జరిగే సెట్టింగ్‌లో వేసి చూసిన స్క్రీన్‌షాట్లు పంపాను. ఫైల్లో లేని సమాచారాన్ని ఏ సెట్టింగ్ తెచ్చిపెడుతుంది? దానికి మాత్రం ఇంతవరకు సమాధానం రాలేదు.

కొనేముందు ఒక్క క్లిప్ శాంపిల్‌గా అడగండి, యూట్యూబ్ లింక్ కాదు, అసలు ఫైల్. ఈఎక్స్ఆర్ సీక్వెన్స్ (ఒక్కో ఫ్రేమ్‌ని వెలుగు వివరాలు పోకుండా విడి బొమ్మగా దాచే ఫైళ్లు) అయితే మంచిది, ఆల్ఫాతో, అంటే ఎక్కడెంత పారదర్శకమో చెప్పే సమాచారంతో, ప్రోరెస్ 4444 అనే నాణ్యమైన వీడియో ఫార్మాట్‌లో ఇచ్చినా ఫర్వాలేదు. దాన్ని మీ చీకటి షాట్ మీద వేసి, పైన ఎక్స్‌పోజర్ బాగా పెంచి చూడండి, చతురస్రం ఉన్నా బ్యాండింగ్ ఉన్నా అక్కడే బయటపడుతుంది. మధ్యభాగం, గ్లో విడిగా ఇస్తారా, డెమోలో మనిషి మీద పడే వెలుగు సెట్‌లోదా కంప్యూటర్‌లో చేసిందా, ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. శాంపిల్ ఇవ్వడం కుదరదంటే కొనకండి. మీలో ఎవరికైనా ఇలాంటి ప్యాక్‌లో బూడిద నలుపు తగిలి ఉంటే ఏ ఫార్మాట్‌లో ఇచ్చారో కింద రాయండి.