రిఫ్లెక్స్, ఫోల్డెడ్ హార్న్, స్కూప్: మూడు రకాల బేస్ బాక్సులూ వాడాక

పెళ్లిళ్లకీ జాతరలకీ సౌండ్ పెట్టే పనిలో చాలా ఏళ్లుగా ఈ మూడూ వాడుతున్నాను. ఒక్కటే ఉంచుకోమంటే మాత్రం డబుల్ 18 రిఫ్లెక్స్ బాక్సే ఉంచుకుంటాను, అంటే రెండు 18 అంగుళాల స్పీకర్లూ, గాలి బయటికొచ్చే రంధ్రం (పోర్ట్) ఉన్న పెట్టె.

కల్యాణ మండపంలో బాక్స్ పెట్టే చోటే తక్కువ, పైగా సన్నాయి, డోలు అయ్యాక అదే సిస్టమ్ మీద డీజే పాటలు నడవాలి. అక్కడ రెండు రిఫ్లెక్స్ బాక్సులు చాలు. 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన బాక్సుకి సరిగ్గా ఆ నోటు ఇచ్చి చూడండి, కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి భాగం) దాదాపు కదలదు, పోర్ట్ దగ్గర చెయ్యి పెడితే గాలి తోసేస్తుంది. అంతకంటే కిందికి వెళ్తే మాత్రం కోన్‌ని ఆపేదేమీ ఉండదు, విపరీతంగా ఊగి దానికి అతికిన తీగచుట్ట (కాయిల్) వెనక ప్లేటుకి టక్ టక్‌మని తగులుతుంది, ఆంప్‌లో ఓవర్‌లోడ్ చూపే క్లిప్ లైట్ కూడా వెలగదు. అందుకే ప్రాసెసర్‌లో 35 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది శబ్దాల్ని ఆపే ఫిల్టర్) పెట్టకుండా ఈ బాక్స్ ఎవరికీ ఇవ్వను.

ఫోల్డెడ్ హార్న్, అంటే లోపల పొడవాటి హార్న్ దారిని మడతపెట్టిన బాక్స్, అలా కాదు, దానికి జనం, మైదానం ఉండాలి. 40 హెర్ట్జ్ అల పొడవు సుమారు 8.6 మీటర్లు, ఒక్క బాక్స్ నోరు దానికి ఏ మూలకీ సరిపోదు, అందుకే ఒంటరిగా పెడితే పైబేస్ మాత్రం గట్టిగా కొట్టి లోతు మాయమవుతుంది. నాలుగు కలిపి పేర్చండి, నోళ్లన్నీ ఒకటై లోతు వచ్చేస్తుంది, తక్కువ ఆంప్ పవర్‌కే గుండెలో తగిలే దెబ్బ వస్తుంది, జాతరలో ఆ ఆనందమే వేరు. హార్న్ శబ్దం దూరం పోయినా తగ్గదని అంటుంటారు, అది నిజం కాదు, ఆరుబయట దూరం రెట్టింపైతే దీనికీ 6 డీబీ వరకు తగ్గుతుంది. మొదటే ఎక్కువ శబ్దం ఇస్తుంది కాబట్టి దూరానికీ ఎక్కువే మిగులుతుంది, అంతే.

లోపల దారి 2 మీటర్లుంటే శబ్దం దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికొస్తుంది. పైశబ్దాలిచ్చే టాప్ స్పీకర్లకి కూడా అంత ఆలస్యం (డిలే) ఇవ్వకపోతే డప్పు మీద పుల్ల చప్పుడు ముందు, దాని బరువు తర్వాత వస్తాయి. హార్న్‌నీ రిఫ్లెక్స్‌నీ ఒకే స్టాక్‌లో కలిపితే కొన్ని నోట్లు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, దయచేసి కలపకండి.

స్కూప్, అంటే స్పీకర్ వెనక వైపు శబ్దాన్ని హార్న్ దారిలో ముందుకి తెచ్చే బాక్స్, దాని గురించి చెప్పడానికి తక్కువే ఉంది. బ్రిటన్ రెగే సౌండ్ సిస్టమ్‌ల వాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు, బేస్ గిటార్‌కి ఆ గుండ్రటి శబ్దం నిజంగా బావుంటుంది. మన డీజే పాటల్లోని లోతైన నోట్లు మాత్రం నా దగ్గరున్న బాక్సుల్లో సరిగ్గా పలకలేదు.

ఇంకోటి, రిపేరు. ఫంక్షన్ మధ్యలో స్పీకర్ పోతే రిఫ్లెక్స్‌కి ముందు జాలీ తీసి బోల్టులు విప్పితే చాలు, నా హార్న్‌కైతే స్టాక్ దించి పక్క పలక మొత్తం ఊడదీయాలి. పెళ్లివారు నెత్తి మీద నిలబడి ఉండగా ఆ టెన్షన్ నాకొద్దు. మైదానం పని వస్తే హార్న్‌లు అద్దెకి తెచ్చుకుంటాను, అదీ నాలుగూ ఒకే రకం దొరికితేనే.